జాన్ రోచ్ ఇంటివాళ్ల కోసం పది నెలలు: నా అనుభవం

మొదలుపెట్టింది 2024 జనవరి 6, శనివారం. చివరి కవరు చేతికొచ్చింది అక్టోబరు 19న. ఖర్చు మొత్తం 214 డాలర్లు. అందులో 60 డాలర్ల దాకా తెలియక పెట్టినవే. అమెరికాలో పాత వలస కుటుంబాల చరిత్ర తవ్వాలనుకునే మనవాళ్లకు ఆ డబ్బూ, ఆ వారాలూ మిగలాలని ఏ నెలలో ఏం జరిగిందో వరసగా రాస్తున్నాను.

వెతికింది జాన్ రోచ్‌ని. ఐర్లండ్‌లోని కార్క్ కౌంటీ, మిచెల్స్‌టౌన్‌లో పుట్టి, పదహారేళ్లకు న్యూయార్క్‌లో దిగి, 1871 నుంచి 1885 దాకా అమెరికాలోకెల్లా పెద్ద ఓడల యార్డు నడిపిన మనిషి. ఆ యార్డు పెన్సిల్వేనియాలోని చెస్టర్ ఊళ్లో, డెలవేర్ నది ఒడ్డున ఉండేది. ఫిలడెల్ఫియా ఎయిర్‌పోర్టు దాటి ఐ-95 మీద దక్షిణంగా వెళ్లే తెలుగువాళ్లు రోజూ ఆ ఊరి పక్కనుంచే పోతుంటారు. ఆయన కట్టిన ఓడల సంగతి ఎక్కడైనా దొరుకుతుంది. ఇంటివాళ్ల సంగతి ఒక పేరాకు మించి దొరకదు. నాకు కావలసింది అది.

జనవరి: పేరు, వయసు, దిగిన రేవు

మొదటి వారమంతా పుట్టిన సంవత్సరం దగ్గరే ఆగిపోయాను. కొన్ని పుస్తకాల్లో 1813 అని ఉంటుంది, కొన్నింట్లో 1815 డిసెంబరు 25 అని. రెండేళ్ల తేడాయే కదా అని వదలకూడదు. 1815 అయితే 1832లో దిగేనాటికి పదహారేళ్లు. 1813 అయితే పద్దెనిమిది. పదహారేళ్లకే వచ్చాడన్న మాటను పట్టుకుంటే అప్పుడు వచ్చిన ఏడాదే 1830కి జరిగిపోతుంది. కాబట్టి ప్రతి రికార్డులోనూ 1813 నుంచి 1816 మధ్య పుట్టినవాళ్లను, 1829 నుంచి 1833 మధ్య దిగినవాళ్లను చూడాల్సి వచ్చింది.

తర్వాత పేరు. ఐర్లండ్‌లో ఆ ఇంటిపేరుకు చివర ‘ఇ’ అక్షరం ఉంటుంది. అమెరికాలో ఆయన ఆ ‘ఇ’ తీసేసి మధ్యలో ‘ఎ’ పెట్టుకున్నాడు (Roche పోయి Roach అయింది). తెలుగులో రాస్తే రెండూ రోచ్‌లే, వింటే రెండూ ఒకటే. గుమాస్తా విన్నదే రాశాడు కాబట్టి ఎటు రాస్తాడో చెప్పలేం. రేషన్ కార్డులో ఒకలా, పాస్‌పోర్టులో ఒకలా పేరు పడి తిప్పలు పడినవాళ్లకు ఇది వేరే చెప్పక్కర్లేదు. వెతికే పెట్టెలో పూర్తి పేరు కొట్టకుండా మొదటి రెండక్షరాలు, నక్షత్రం గుర్తు, మళ్లీ ‘సి’, ‘హెచ్’, ఇంకో నక్షత్రం గుర్తు కొట్టండి. రెండు రూపాలూ ఒకేసారి వస్తాయి.

ఆ తర్వాత రెండు శనివారాలు ఎల్లిస్ ఐలండ్ జాబితాల్లో, క్యాజిల్ గార్డెన్ జాబితాల్లో పోయాయి. రెండూ న్యూయార్క్‌లో వలస వచ్చినవాళ్లను నమోదు చేసుకున్న కేంద్రాలు. ఎల్లిస్ ఐలండ్ తెరిచింది 1892లో, క్యాజిల్ గార్డెన్ 1855లో. 1832లో వచ్చినవాడు అక్కడ ఎందుకుంటాడు? అప్పట్లో ఓడ నేరుగా రేవుకే వచ్చేది, దిగినవాళ్లు దిగి వెళ్లిపోయేవారు. కాకపోతే 1820 నుంచి ప్రతి కెప్టెనూ ప్రయాణికుల జాబితా ఇవ్వాలన్న చట్టం ఉండేది. ఆ న్యూయార్క్ జాబితాల మైక్రోఫిల్ములు 1820 నుంచి 1897 దాకా ఉన్నాయి, ఇంటర్నెట్‌లో చూడొచ్చు. పేరు, వయసు, ఆడా మగా, వృత్తి, దేశం, అంతే. ఊరి పేరు ఉండదు, తల్లిదండ్రుల పేర్లుండవు. ఒక జాన్ రోచ్ దొరికినా వాడు మనవాడేనని ఆ కాగితం ఒక్కటే ఎప్పటికీ చెప్పదు. నేను దీనితో మొదలుపెట్టాను. దీన్ని చివరికి వదలాలి.

పౌరసత్వం కాగితాల దగ్గరా ఇదే రకం. 1906కు ముందు ఏ కోర్టులోనైనా పౌరసత్వం తీసుకోవచ్చు. చాలా కోర్టుల కాగితాల్లో పేరూ, ఇకపై విధేయత ఉండదని చెప్పే పాత దేశపు రాజు పేరూ తప్ప పెద్దగా ఏమీ ఉండవు. ఇంకొకటి కూడా తెలుసుకున్నాను. మామూలుగా మొదట ఉద్దేశ పత్రం, కొన్నేళ్లకు తుది పత్రం, రెండుంటాయి. కానీ 1824 చట్టం ప్రకారం పద్దెనిమిది నిండకముందే వచ్చినవాళ్లు మేజరయ్యాక రెండూ ఒకే రోజు ఇచ్చేయొచ్చు. పదహారేళ్లకు దిగినవాడి విషయంలో మొదటి పత్రం కోసం వేరే వెతకడం దండగ. పది రోజులు వెతికాక ఈ సంగతి తెలిసింది.

ఫిబ్రవరి: జనాభా లెక్కల్లో భార్యను పట్టుకోవడం

జనవరి అయ్యేసరికి చేతిలో ఏమీ లేదు. బాగా నీరసం వచ్చింది. అప్పుడు పద్ధతి మార్చాను. జాన్ రోచ్‌ని వదిలేసి ఎమిలీన్‌ని వెతకడం మొదలుపెట్టాను. ఆమె ఆయన భార్య, పుట్టింటిపేరు జాన్సన్. ఆ కాలం న్యూయార్క్‌లో జాన్ రోచ్ అనే ఐరిష్‌వాళ్లు లెక్కలేనంతమంది. ఎమిలీన్ అనే భార్య ఉన్నవాళ్లు అంతమంది ఉండరు. 1839లో పుట్టిన జాన్ బేకర్ రోచ్ అనే కొడుకు కూడా ఉండాలి. భార్య పేరు, కొడుకు వయసు, తండ్రి వృత్తిగా ఇనుప పోత పనో, ఫౌండ్రీయో. ఈ మూడూ కలిస్తేనే మన ఇల్లు. అక్కణ్నుంచి పని నడిచింది.

జనాభా లెక్కలు పదేళ్లకోసారి. 1830, 1840 షీట్లలో ఇంటి పెద్ద పేరు ఒక్కటే ఉంటుంది, మిగతావాళ్లు వయసు గడుల్లో అంకెలు మాత్రమే. ఇంట్లో ప్రతివాళ్ల పేరూ రాయడం 1850లో మొదలైంది. 1850లో భూమి విలువ, 1860లో దానికి తోడు చరాస్తి విలువ, 1880లో ఇంటి పెద్దకు ఏమవుతారో ఆ వరస, తల్లిదండ్రులు పుట్టిన దేశాలు, ఇలా గడులు పెరుగుతూ వచ్చాయి. 1890 షీట్లు వాషింగ్టన్‌లో 1921లో జరిగిన అగ్నిప్రమాదంతో దాదాపు అన్నీ పోయాయి. కొడుకుల కథ చూసేటప్పుడు 1880 నుంచి 1900కు ఒక్క దూకు దూకాలి. ఆ ఇరవై ఏళ్లలో పుట్టి, పెళ్లయి, వేరు కాపురం పెట్టినవాళ్లు మధ్యలో కనిపించరు.

న్యూయార్క్ రాష్ట్రం సొంతంగా 1855లో ఒక లెక్క తీసింది. ‘ఈ ఊళ్లో ఎన్నేళ్ల నుంచి ఉంటున్నారు’ అనే గడి అందులో ఉంది. సమాఖ్య లెక్కల్లో ఆ కాలంలో అలాంటి గడి లేదు. న్యూజెర్సీ నుంచి న్యూయార్క్‌కు మారిన కుటుంబాలకు ఆ ఒక్క గడి చాలా విలువైనది.

తండ్రిని చెస్టర్‌లో వెతకడం ఇంకో పొరపాటు. యార్డు చెస్టర్‌లో ఉన్నా ఆయన కాపురం, ఇంజన్ల కార్ఖానా న్యూయార్క్‌లోనే. చెస్టర్‌లో ఉండి యార్డు చూసుకున్నది కొడుకు జాన్ బేకర్. కంపెనీ పేరే ‘జాన్ రోచ్ అండ్ సన్స్’. కాబట్టి 1880కి తండ్రి ఒక రాష్ట్రంలో, కొడుకు ఇంకో రాష్ట్రంలో.

ఈ నెలలో పైసా ఖర్చు కాలేదు. వంశ రికార్డుల సైట్ ఫ్యామిలీసెర్చ్ ఉచితం. అలాంటిదే డబ్బు కట్టి చూసే ఆన్సెస్ట్రీకి నేను జనవరిలో కట్టిన నెల చందా వృథా. మా కౌంటీ లైబ్రరీ కంప్యూటర్లలో దాని లైబ్రరీ ఎడిషన్ ఉచితంగా ఉందని ఫిబ్రవరి రెండో వారంలో తెలిసింది. ముందు లైబ్రరీని అడగండి.

మార్చి: మ్యాపులో లేని వీధి

1852లో రోచ్ ముగ్గురు తోటి పనివాళ్లతో కలిసి న్యూయార్క్‌లో ఎట్నా ఐరన్ వర్క్స్ కొన్నాడు. ధర 4,700 డాలర్లు. అది మ్యాన్‌హట్టన్‌లో గోర్క్ వీధిలో ఉండేది. గూగుల్ మ్యాపులో ఎంత వెతికినా ఆ వీధి రాదు. 1930ల్లో పేరు మారి బరూక్ ప్లేస్ అయింది, చుట్టూ పెద్ద పెద్ద అపార్ట్‌మెంట్లు లేచాయి. రోచ్ వదిలేసిన ఆ పాత కార్ఖానాలోనే 1881లో ఎడిసన్ తన మెషిన్ వర్క్స్ పెట్టాడు. 1884లో నికోలా టెస్లా పని చేసింది కూడా అక్కడే. పాత వీధి పేరుతో ఎడిసన్ కాగితాలు వెతికితే ఆ భవనం గురించి రోచ్ కాగితాల్లో కంటే ఎక్కువ దొరుకుతుంది.

ఇంటి చిరునామాలకు సిటీ డైరెక్టరీలే గతి, అంటే ఊళ్లోవాళ్ల పేర్లూ చిరునామాలూ ఏటా అచ్చువేసిన పుస్తకాలు. ఒక కిటుకు ఉంది. న్యూయార్క్‌లో అద్దె ఒప్పందాలన్నీ మే 1తో ముగిసేవి, ఊరు సగం ఆ రోజే ఇళ్లు మారేది. డైరెక్టరీవాళ్లు మే 1 తర్వాతే ఇంటింటికీ తిరిగేవాళ్లు. అందుకే 1853 అని ఉన్న డైరెక్టరీలో కనిపించేది 1853 మే నుంచి 1854 ఏప్రిల్ దాకా ఉన్న ఇల్లు. నేను జనవరి నుంచి డిసెంబరు అనుకుని వేసుకున్న పట్టికంతా కొట్టేసి మళ్లీ రాశాను. పేరు పక్కన చిన్న ‘హెచ్’ ఉంటే అది ఇల్లు. దానికి ముందున్నది పనిచేసే చోటు.

ఏప్రిల్: ఐర్లండ్ వైపు

1821 నుంచి 1851 దాకా తీసిన ఐరిష్ జనాభా లెక్కల్లో మిగిలినవి ముక్కలే. 1922లో డబ్లిన్‌లోని ఫోర్ కోర్ట్స్‌లో రేగిన మంటల్లో పోయాయి. చర్చ్ ఆఫ్ ఐర్లండ్ (ప్రొటెస్టంట్ చర్చి) రిజిస్టర్లు సగానికి పైగా అప్పుడే బూడిదయ్యాయి. పుట్టుకలన్నీ ప్రభుత్వం నమోదు చేయడం 1864లో గానీ మొదలుకాలేదు. 1815 బిడ్డకు చర్చి రిజిస్టరే దిక్కు.

క్యాథలిక్ రిజిస్టర్ల ఫొటోలు నేషనల్ లైబ్రరీ ఆఫ్ ఐర్లండ్ సైట్‌లో 2015 నుంచి ఉచితంగా ఉన్నాయి. రాత చాలాచోట్ల లాటిన్‌లో ఉంటుంది కాబట్టి జాన్ అని మాత్రమే వెతకకూడదు, జోవానెస్ అని కూడా చూడాలి. క్రిస్మస్ రోజు పుట్టాడంటే బాప్తిస్మం ఆ వారంలోనో, జనవరి మొదట్లోనో ఉండాలి. రెండు సంవత్సరాల అనుమానం ఉంది కాబట్టి 1813 డిసెంబరు చివర, 1814 జనవరి మొదలు, 1815 చివర, 1816 మొదలు, ఈ నాలుగు చోట్లే చూడండి. చాలా పేజీల్లో సిరా పాలిపోయి ఉంటుంది. బొమ్మలోని రంగులను తిప్పేసి, నల్లని పేజీ మీద తెల్లని రాత చేసుకుంటే పాలిపోయిన గీతలు లేచి కనిపిస్తాయి. నాకు చాలా ఉపయోగపడింది.

రోచ్ అనేది కార్క్‌లో వీధికొకటి ఉండే ఇంటిపేరు. అందుకే పేరొక్కటే చాలదు, పక్కన రాసే సాక్షుల పేర్లు కూడా ఎత్తి రాసుకోవాలి. తర్వాత చర్చికి కట్టే దశమభాగం పన్ను పుస్తకాలు, 1823 నుంచి 1837 దాకా. అవీ ఉచితమే. అందులో ఉండేది సాగు భూమి ఉన్నవాళ్లు మాత్రమే. ఊళ్లో అంగడి పెట్టుకున్నవాళ్లు, భూమిలేనివాళ్లు ఉండరు. లేరంటే ఆ ఊరివాళ్లు కాదని అర్థం కాదు.

మే నుంచి జూలై: చెస్టర్ ఏ కౌంటీలో ఉంది?

ఇక్కడ నేను పోగొట్టుకున్నది 31 రోజులు, 28 డాలర్లు. చెస్టర్ ఊరు చెస్టర్ కౌంటీలో ఉంటుందనుకుని అక్కడికి దస్తావేజుల కోసం చెక్కు పంపాను. చెస్టర్ ఊరు ఉన్నది పక్కనున్న డెలవేర్ కౌంటీలో. 1789లో పాత చెస్టర్ కౌంటీని చీల్చి దాన్ని చేశారు. దాని ముఖ్యపట్టణం 1850-51లో చెస్టర్ నుంచి మీడియా అనే ఊరికి మారింది. డెలవేర్ రాష్ట్రానికీ దీనికీ సంబంధం లేదు. మొత్తం రెండే పేర్లు, నాలుగు చోట్లు. చెక్కు రాసేముందు చూసుకోండి.

పెన్సిల్వేనియాలో చాలా కౌంటీల దస్తావేజుల పాత సూచికలు అక్షరక్రమంలో ఉండవు. రస్సెల్ సూచిక అంటారు. ఇంటిపేరు మొదటి అక్షరంతో పుస్తకం తీస్తాం. తర్వాత ఆ పేరులో మొదటి అక్షరాన్ని వదిలి, ఎల్, ఎమ్, ఎన్, ఆర్, టి అనే ఐదింటిలో ఏది ముందు వస్తుందో చూడాలి. ఎమిలీన్ పుట్టింటిపేరు జాన్సన్‌లో ముందు వచ్చేది ఎన్, కాబట్టి ‘జె’ పుస్తకంలో ‘ఎన్’ వరస. రోచ్‌లో ఆ ఐదింటిలో ఒక్కటీ లేదు. అలాంటి పేర్లన్నీ ‘ఇతరాలు’ అనే వరసలో పడతాయి. ఇది తెలియకుండా ‘ఆర్’ పుస్తకం మొత్తం తిరగేస్తే ఒక పూట గడిచిపోతుంది. స్పెల్లింగ్ ఎటు మార్చినా రోచ్ ‘ఇతరాల్లోనే’ ఉంటుంది, అదొక్కటి కలిసొచ్చింది.

దస్తావేజులు ఏ సంవత్సరాలవి అడగాలో ముందే తేల్చుకోవాలి. నేను రెండు అడిగాను. ఒకటి 1871. అప్పుల్లో మునిగిన రీనీ, సన్ అండ్ ఆర్చ్‌బోల్డ్ యార్డును రోచ్ 4,50,000 డాలర్లకు కొన్న ఏడాది. రెండోది 1885. ఇది బాధ కలిగించే ఏడాది. 1883లో అట్లాంటా, బోస్టన్, షికాగో, డాల్ఫిన్ అనే నాలుగు యుద్ధనౌకల కాంట్రాక్టులు అందరికంటే తక్కువ ధర వేసి గెలిచాడు. మొత్తం 24,40,000 డాలర్లు. 1885లో ప్రభుత్వం మారింది, కొత్త నౌకాదళ మంత్రి విట్నీ డాల్ఫిన్‌ను తీసుకోనన్నాడు. జూలైలో రోచ్ తన వ్యాపారాన్ని అప్పులవాళ్ల తరఫు ధర్మకర్తల చేతిలో పెట్టాడు. ఏడాదిన్నరకు, 1887 జనవరి 10న పోయాడు. కుటుంబం గురించి వెతికేవాళ్లకు ఇందులో పనికొచ్చే విషయం ఒకటుంది. ఆస్తి అప్పటికే ధర్మకర్తల పేరు మీద ఉంటుంది కాబట్టి వీలునామాలొక్కటే చూస్తే సరిపోదు, కోర్టులో దాఖలైన బదిలీ పత్రాలు కూడా చూడాలి. చనిపోయింది న్యూయార్క్‌లో, స్థిరాస్తి పెన్సిల్వేనియాలో అయితే అనుబంధ వారసత్వ పత్రాలు రెండో రాష్ట్రంలో వేరుగా ఉంటాయి.

మధ్యలో ఎదురుచూసే వారాల్లో పత్రికలు చదివాను. లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ పత్రికల భాండారం ఉచితం. ఆయన పేరు కొడితే సగం ఫలితాలు బొద్దింకల మందు ప్రకటనలే. బొద్దింక అనే ఇంగ్లిష్ మాట వరస చివర విరిగి రెండో సగం కింది వరసలో పడుతుంది, కంప్యూటరు దాన్ని రోచ్ అనుకుంటుంది. ‘జాన్ రోచ్’ పక్కన ఐదు మాటల లోపు ‘చెస్టర్’ ఉండాలని షరతు పెట్టాక దారికొచ్చింది. ‘సిటీ ఆఫ్ పెకింగ్’ జలప్రవేశం నాటి వార్తలు (1874 మార్చి) ఆ షరతుతోనే దొరికాయి. అది 423 అడుగుల ఇనుప ఓడ.

యార్డు ఎలా ఉండేదో చూడాలంటే సాన్‌బోర్న్ అగ్ని బీమా మ్యాపులు చూడండి. గులాబీ రంగు వేస్తే ఇటుక కట్టడం, పసుపు వేస్తే చెక్క. ఇక 1880 పరిశ్రమల లెక్కలో యార్డు కోసం కౌంటీ షీట్లు తిరగేయకండి. ఓడల పరిశ్రమ లెక్కను ఆ ఏడాది హెన్రీ హాల్ అనే ప్రత్యేక ఏజెంటుకు అప్పగించారు, ఆయన నివేదిక 1884లో అచ్చయింది. నేరుగా దాన్ని చదవడమే మేలు.

ఆగస్టు: అలైర్

ఆగస్టు 17న న్యూజెర్సీలోని అలైర్ పార్కుకు వెళ్లాను. రోచ్ మొదట పనిలో చేరిన హోవెల్ వర్క్స్ అక్కడే ఉండేది, జేమ్స్ అలైర్‌ది. చిత్తడి నేలల్లోంచి తీసిన ఖనిజాన్ని కరిగించి ఇనుము పోసేవాళ్లు. కూలీకి బదులు కంపెనీ చీటీలు ఇచ్చేవాళ్లు, అవి కంపెనీ కొట్టులోనే చెల్లేవి. ఇక్కడ కూడబెట్టుకున్నది సమయానికి చేతికి రాక, ఇల్లినాయ్‌లో భూమికి ఇచ్చిన బయానా రోచ్ పోగొట్టుకున్నాడు. సమాఖ్య భూమి పట్టాల సైట్‌లో ఆయన కోసం వెతకడం అందుకే మానేశాను. పూర్తిగా డబ్బు కట్టినవాళ్లకే పట్టా. ఇటుక కొలిమి గోపురం ఇప్పటికీ నిలబడి ఉంది. దాని పక్కన చాలాసేపు నిలబడ్డాను. ఇరవై ఏళ్లు నిండని కుర్రాడు పోత పని నేర్చుకున్న నేల. వేసవి శనాదివారాల్లో కారుకు రుసుము ఉండొచ్చు, దాన్నీ లెక్కలో వేసుకోండి.

సెప్టెంబరు, అక్టోబరు: మరణ పత్రాలు, చివరి కవరు

న్యూయార్క్ మునిసిపల్ ఆర్కైవ్స్ పాత మరణ పత్రాల ఫొటోలను 2022లో ఉచితంగా పెట్టింది. అక్కడ పేరుతో నేరుగా దొరకకపోతే వంశావళి సంఘాల సూచికలో పత్రం నంబరు పట్టుకుని రావాలి. 1898కి ముందు న్యూయార్క్ వేరు, బ్రూక్లిన్ వేరు. ఆ కాలం పత్రాల్లో ‘అమెరికాకు వచ్చి ఎన్నేళ్లు’ అనే గడి ఉంటుంది. వచ్చిన సంవత్సరం గురించిన అనుమానానికి ఓడల జాబితా కంటే అదే మంచి ఆధారం. పెన్సిల్వేనియాలో రాష్ట్రం మొత్తానికీ మరణ నమోదు 1906లో మొదలైంది. 1908లో జాన్ బేకర్ పోయి, యార్డు మూతపడిన నాటికి అది నడుస్తోంది. ఆ ఫారంలో తండ్రి పుట్టిన చోటు, తల్లి పుట్టింటిపేరు రాసే గడులున్నాయి. తల్లుల పుట్టింటిపేరు కావాలంటే పిల్లలందరి మరణ పత్రాలూ చూడాలి, ఒకరిలో ఖాళీగా ఉంటే ఇంకొకరిలో ఉంటుంది.

ఇక దస్తావేజుల నకళ్లు. డబ్బు కట్టిన నెలన్నరకు వచ్చాయి. పాత పుస్తకం పేజీ చాలా పెద్దది. మామూలు కాగితం మీద తీసేసరికి పక్క అంచు తెగిపోయింది. నమోదు తేదీ ఉండేది ఆ అంచులోనే. మళ్లీ రాశాను, మళ్లీ 19 డాలర్లు. అడిగేటప్పుడే ‘అంచులతో సహా, పేజీకి రెండు కాగితాలైనా ఫరవాలేదు’ అని రాయండి. ‘చివరి ధ్రువీకరణ పేరా కూడా’ అని కూడా రాయండి. భార్య ఉన్నవాడు భూమి అమ్మితే, ఆమెను భర్త లేకుండా విడిగా కూర్చోబెట్టి, ఇష్టపూర్వకంగానే సంతకం పెడుతున్నావా అని అధికారి అడిగేవాడు. ఆమె పేరు, వయసు నిండినదన్న మాట, ఆమె చెప్పిన జవాబు, అన్నీ ఆ పేరాలో ఉంటాయి. ఎన్నో కుటుంబాల్లో భార్య తన నోటితో చెప్పిన మాట ప్రభుత్వ పుస్తకంలోకి ఎక్కిన చోటు అదొక్కటే. అక్టోబరు 19న అంచులతో సహా వచ్చిన కవరు విప్పి ముందు ఆ పేరానే చదివాను.